స్తంభవేధ

మా ఇంట్లో నా బట్టలు వాషింగ్ మెషిన్‌లో వెయ్యరు. సిమెంటు పడితే మెషిన్ పాడైపోతుందని పెళ్ళైన కొత్తలోనే మా అత్తగారు సీతారావమ్మ తేల్చి చెప్పింది. అందుకని సైట్ నుంచి వచ్చాక నా బట్టలు వెనక వసారాలో బకెట్లో నానబెట్టుకుని, రాయి మీద కొట్టి ఉతుక్కుంటాను. మా ఆయన శివాజీ కూడా కన్‌స్ట్రక్షన్‌లోనే. అదే కంపెనీ. నేను సైట్‌లో ఫీల్డ్ ఇంజనీర్ని, అతను హెడ్డాఫీసులో నాకంటే పై మెట్టు. సైట్లు తిరిగి మోకాళ్ళదాకా దుమ్ము కొట్టుకుని వస్తాడు. ఆ చొక్కాలూ ప్యాంట్లూ మాత్రం మెషిన్‌లోకే వెళ్తాయి. ఒకసారి నోరు ఊరుకోక అడిగాను, "ఆయన బట్టల్లో సిమెంటుండదా అత్తయ్యా?" అని. "మగాడు పనికెళ్ళొచ్చిన బట్ట అమ్మాయ్ అది," అంది. నేను వెళ్ళొచ్చింది ఏ పేరంటానికో మరి.

ఆ సోమవారం పొద్దున తీగ మీద బట్టలు తీస్తుంటే నా ఆకుపచ్చ చుడీదార్ కనిపించలేదు. ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ వీరమ్మ చేపల గంప దించి, చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా నన్ను బందరు కోనేరు సెంటర్‌కి లాక్కెళ్ళి కొనిచ్చింది అది. జేబు పెట్టమంటే ఆడపిల్ల బట్టకి జేబేంటని దర్జీ నవ్వాడు. "టేపు పెట్టుకోవాలయ్యా, మా పిల్ల ఇంజనీరు. నవ్వింది చాల్లే, కుట్టు," అంది అమ్మ. ఆకుపచ్చ గుడ్డ మిగల్లేదని నీలం ముక్కతో కుట్టాడు. ఆకుపచ్చ మీద నీలం జేబు. ఎంత దూరం నుంచి చూసినా అది నాదేనని తెలిసిపోతుంది.

"అత్తయ్యా, నా పచ్చ చుడీదార్ చూశారా?"

"నీ బట్టలెవరిక్కావాలమ్మా? ఎక్కడో పడుంటదిలే. ముందు వాడి క్యారేజీ సర్దు, ఆఫీసు టైమవుతుంది."

సర్దాను. ఆయన క్యారేజీ, నా క్యారేజీ, అత్తగారికి మధ్యాహ్నానికి పప్పూ కూరా. ఆమె పొద్దున పూట పొయ్యి దగ్గరికి రాదు, మోకాళ్ళు. సాయంత్రం పూట రాదు, సీరియళ్ళు. మేమూ వాళ్ళూ ఒకటే కులం. మా తాతలు, వాళ్ళ తాతలు ఒకే ఉప్పునీటి మీద వల విసిరినవాళ్ళే. కాకపోతే మా మామగారికి రైల్వేలో ఉద్యోగమొచ్చి వీళ్ళు విజయవాడలో స్థిరపడ్డాక ఆ వాసన మాకొక్కళ్ళకే మిగిలింది. "మీ అమ్మ నెత్తిన గంప పెట్టుకుంది, నువ్వు టోపీ పెట్టుకున్నావు. అంతేగా తేడా," అంటుంది మా అత్తగారు. నలుగురిలో అంటుంది, నవ్వుతూ అంటుంది. నవ్వుతూ అన్నదానికి ఏడవకూడదు కదా.

పటమట నుంచి నా స్కూటీ మీద కానూరు దాటి సైట్‌కి చేరేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఒకప్పటి వరిచేల మధ్య లేస్తున్న అపార్ట్‌మెంట్ అది. ఐదంతస్తులు. ఆఖరి స్లాబ్ గురువారం పడాలి, ముహూర్తం పెట్టేశారు. రెండో అంతస్తులో తూర్పు ఫ్లాట్ మాదే, అంటే మా అత్తగారి పేరున మేం తీసుకున్నది. గేటు దగ్గర బండి ఆపుతుంటే సెంట్రింగ్ వాళ్ళు నన్ను చూసి, పైకి చూసి, మళ్ళీ నన్ను చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు.

పైకి చూశాను. మూడో అంతస్తు అంచు నుంచి కొత్త దిష్టిబొమ్మ వేలాడుతోంది. పాతది గాలివానకి చివికిపోయింది, కొత్తది కట్టాలంటున్నారు కొన్నాళ్ళుగా. కుండ తల, సున్నం బొట్లు, బయటికి చాపిన ఎర్ర నాలిక, నెత్తిన పగిలిన తెల్ల హెల్మెట్. ఒంటి మీద నా ఆకుపచ్చ చుడీదార్. నీలం జేబులోంచి ఒక టేపు ముక్క కూడా వేలాడదీశారు. గడ్డి ఎక్కువ కూరి ముందువైపు ఎత్తుగా చేశారు. మెడకి తాడు.

"మీకంటే ముందే డ్యూటీ ఎక్కారు మేడం!" అన్నాడు చిట్టిబాబు. అతను మా లేబర్ కాంట్రాక్టరు, మా అత్తగారి అన్న కొడుకు. ఇంటికొస్తే అక్కా అంటాడు, సైట్‌లో మేడం అంటాడు. ఆ మేడంలో ఉన్న వెటకారం సైట్ మొత్తానికీ తెలుసు. నేను ఏ రాడ్డు మార్చమన్నా "సార్ ఏమన్నారో కనుక్కుంటా" అని నా ఎదురుగానే శివాజీకి ఫోన్ చేస్తాడు. శివాజీ కూడా ఏనాడూ 'ఆవిడ చెప్పింది చెయ్' అనలేదు. "ఏంటట?" అంటాడు ముందు.

"దించండి అది," అన్నాను.

"కట్టిన దిష్టిబొమ్మని పని మధ్యలో దించకూడదు మేడం. అరిష్టం. దించితే ఆ రోజుకి పని బందు. కావాలంటే ఈ నాగుల్నే అడగండి."

కాంక్రీటు ముఠా పెద్ద నాగులు బీడీ ఆర్పి తలూపాడు. "అవునమ్మా. పైకెక్కేది మా పిల్లలు. బొమ్మ దిగిన రోజు మేం ఎక్కం."

బిల్డరు వెంకటకృష్ణారావుగారికి ఫోన్ చేశాను. "సరదాకి చేసుంటారమ్మా. వాళ్ళు చదువుకున్నోళ్ళా ఏమన్నానా? పట్టించుకోకు," అన్నాడాయన. ఎండలో నిలబడి నన్ను నేను చూసుకున్నాను. గాలికి అటూ ఇటూ తిరుగుతున్నాను. రోడ్డు మీద పోయే ఆటోవాళ్ళు తల బయటపెట్టి నవ్వుతున్నారు. దిష్టి తగలాల్సింది నాకు, నిలబడాల్సింది వాళ్ళ బిల్డింగు. ఒక్కటే ఆలోచన బుర్రలో తిరుగుతోంది. మా ఇంటి తీగ మీద ఆరేసిన బట్ట ఇక్కడికెలా వచ్చింది?

చెప్పింది తెరేసమ్మ. దివిసీమ నుంచి మొగుడితో, చంటిపిల్లతో వచ్చి ఇక్కడే ఇటుకలు మోస్తూ, స్లాబులకి నీళ్ళు కొడుతూ ఉంటుంది. ఒకటో అంతస్తులో మా ఫ్లాట్‌కి సరిగ్గా కింద గదిలో వాళ్ళ కాపురం. పైపు పట్టుకుని, నా వైపు చూడకుండా అంది.

"నిన్న మీ ఆయనగారే కవర్లో తెచ్చి ఇచ్చారమ్మా. మీ అత్తగారు కూడా వచ్చారు. పైన మీ ఇంటి కాడ మిషను కొట్టిచ్చారు. మా పిల్ల ఆ చప్పుడికి జడుసుకుని ఒకటే ఏడుపు."

"మిషనా? దేనికి?"

"ఏమోనమ్మా. దుమ్ము మాత్రం మా అన్నంలో పడింది."

నిన్న ఆదివారం. తల్లీకొడుకులు అమ్మవారి కొండకి వెళ్ళొస్తామని వెళ్ళారు. "నువ్వు మామిడికాయ ముక్కలు కొట్టి ఉంచు, రాగానే ఆవకాయ కలుపుదాం," అంది మా అత్తగారు. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. మా ఫ్లాట్ గుమ్మానికి ఎదురుగా వరండాలో ఒక స్తంభం ఉంది. పైనున్న అంతస్తుల బరువు ఆ మూలన మోసేది అదే. నేను దగ్గరుండి పోయించిన స్తంభం, దాని కొలత నాకు నిద్రలో అడిగినా తెలుసు. ఇప్పుడది గుమ్మం వైపు సన్నబడి ఉంది. పైన కొత్త ప్లాస్టరింగు, ఇంకా తడి. సుత్తితో కొడితే డొల్ల చప్పుడు. గోటితో గీకితే ఊడొచ్చింది. లోపల ఆ పక్కనున్న రెండు రాడ్లూ కోసేశారు. స్తంభానికి అవే ఎముకలు. కోసిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది, తలకాయ తీసేసిన చేప ముల్లులా.

గురువారం దీని మీద ఇంకో స్లాబ్ పడుతుంది. కింద గదిలో తెరేసమ్మ చీర ఉయ్యాల్లో పిల్ల పడుకుని ఉంది.

మళ్ళీ వెంకటకృష్ణారావుగారికి ఫోన్ చేశాను. ఈసారి గొంతు వణక్కుండా చూసుకున్నాను. గొంతు వణికితే ఆడది ఏడుస్తోంది అంటారు, వణక్కపోతే పొగరంటారు. ఆయన అంతా విని, "శివాజీ చెప్పాడమ్మా. పైపైన కొద్దిగా చెక్కారంట, అంతేనంటగా. అతను చూశానన్నాడు," అన్నాడు. డిజైన్ ఇచ్చిన హైదరాబాద్ ఆఫీసుకి చేస్తే, మీ ప్లానింగ్ సార్ ద్వారా రండి అన్నారు. మా ప్లానింగ్ సార్ మా ఆయనే. తెరేసమ్మని మాత్రం సామాను సర్దుకుని గేటు దగ్గరి సిమెంటు షెడ్డులోకి మారమన్నాను. "ఏమన్నా అవుతుందామ్మా?" అంది. "మారు," అన్నాను. అంతకంటే చెప్పగలిగే అధికారం నాకు లేదు.

సాయంత్రం అన్నాల దగ్గర అడిగాను.

"మన గుమ్మం ఎదురు స్తంభం ఎవరు చెక్కించారు?"

శివాజీ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. మా అత్తగారే అందుకుంది.

"నేనే. స్తంభవేధ అమ్మాయ్ అది. గుమ్మం తియ్యంగానే ఎదురుగా స్తంభం పొడుచుకొచ్చినట్టుంటే ఇంటి మగాడి ప్రాణం మీదికొస్తదని సిద్ధాంతిగారు చెప్పారు. నాలుగంగుళాలు జరిపితే వేధ తప్పుద్దన్నారు. నీతో చెబితే చెక్కనిస్తావా?"

"చెక్కనివ్వను. లోపల రాడ్లు కోశారత్తయ్యా. బిల్డింగు బరువంతా..."

"రెండు రాడ్లు," అన్నాడు శివాజీ. "రెండు రాడ్లకి కొంపలేం మునగవు. అవసరమైన దానికంటే ఎక్కువే వేస్తాం కదా ప్రతి దాంట్లోనూ? నువ్వొక్కదానివే ఇంజనీరింగ్ చదివినట్టు మాట్లాడకు. పప్పు వెయ్యి కొంచెం."

వేశాను.

"కింద తెరేసమ్మ వాళ్ళు పడుకుంటున్నారండీ."

"పడితే కదా? చూడు కనకలక్ష్మీ, గురువారం నువ్వు సెలవు పెట్టెయ్. స్లాబ్‌కి ఓకే నేనిస్తాను. నీకూ తలనొప్పి ఉండదు, మాకూ ఉండదు."

"మొగుడి ప్రాణం కంటే స్తంభం ఎక్కువైపోయింది దీనికి," అంది మా అత్తగారు, మజ్జిగ చెంబు అందుకుంటూ.

"మరి నా చుడీదార్?"

శివాజీ నవ్వాడు. "చిట్టిబాబు బొమ్మకి పాత బట్ట కావాలన్నాడు. అమ్మ తీసిచ్చింది. దానికేముంది, ఇంకోటి కొనుక్కో."

"మీ పాత చొక్కాలు బీరువా నిండా ఉన్నాయిగా. ఒకటి ఇవ్వాల్సింది."

మా అత్తగారు చెంబు కింద పెట్టింది. తెలియని పిల్లకి చెప్పినట్టు, కోపం లేకుండా, దాదాపు ప్రేమగా చెప్పింది. "మగాడి చొక్కా మెడకి తాడేసి వేలాడదీస్తారా ఎక్కడన్నా? ఆయుక్షీణం. నీదైతే ఏం పరవాలేదు."

ఆ మాట తిట్టినట్టు అనుంటే బాగుండేది. తిరిగి తిట్టుకునేదాన్ని లోపల్లోపల. ఉప్పు తక్కువైంది అన్నట్టు అంది. అంట్లు తోముతుంటే నీళ్ళ చప్పుడులో అదే మాట తిరిగింది. ఆయన ఆయుష్షు కోసం స్తంభాన్ని కోశారు. ఆ ఇంటి దిష్టి కోసం నా బట్టని ఉరేశారు. రెండు పనులూ ఒకే పూట, ఒకే ప్రయాణంలో, ఇంట్లో నేను వాళ్ళ కోసం ఆవకాయ ముక్కలు కొడుతుంటే చేసుకొచ్చారు. వచ్చాక ప్రసాదం కూడా పెట్టారు నాకు. కళ్ళకద్దుకుని తిన్నాను. ఇన్నేళ్ళూ నేననుకున్నది, వీళ్ళకి నా మీద కోపమని, చులకన అని. కాదు. వీళ్ళ లెక్కలో నాకు ప్రాణమే లేదు. ప్రాణం లేనిదాని బట్టకి అరిష్టమేముంటుంది? అలాంటిదాని నోటి వెంట రాడ్లూ బరువులూ అంటే వినేదెవరు? నేను సుత్తి పట్టుకుని ఎంత అరిచినా అది సుత్తి చప్పుడే. వీళ్ళు వినే భాష వేరే ఉంది. అది నాకూ వచ్చు. సముద్రం మీద గాలి మారితే పడవ తిప్పుకొచ్చే జనంలో పుట్టినదాన్ని, దేనికి ఎవరు భయపడతారో తెలియకుండా ఎలా పెరుగుతాను?

మంగళ, బుధవారాలు ఏమీ మాట్లాడలేదు. "దారికొచ్చింది," అంది మా అత్తగారు ఫోన్లో ఎవరితోనో.

గురువారం తెల్లవారకముందే లేచి క్యారేజీలు సర్దాను. రాత్రి వేసిన బట్టలు మెషిన్‌లో ఉన్నాయి. లేత నీలం ఆఫీసు చొక్కా తీశాను. జేబు మీద కంపెనీ గుర్తు, దాని కింద ఎర్రదారంతో శివాజీ అని పేరు. ఎంత శుభ్రంగా ఉతుకుతుందో ఆ మెషిను! కవర్లో పెట్టుకుని బయల్దేరాను.

వాచ్‌మన్ తప్ప సైట్‌లో ఎవరూ లేవలేదు. మూడో అంతస్తు అంచున పడుకుని తాడు పైకి లాగాను. బొమ్మ ఒంటి మీద నుంచి నా చుడీదార్ విప్పాను. నిజంగా మనిషికి విప్పుతున్నట్టు చేతులు జాగ్రత్తపడ్డాయి. చొక్కా తొడిగి, కాలరు దాకా బొత్తాలు పెట్టాను. తాడు మళ్ళీ మెడకి బిగించి మా నాన్న పడవకి వేసే ముడి వేశాను. లాగేకొద్దీ బిగిసేదే కానీ వదిలేది కాదు. కిందికి వదిలాను.

ఎండెక్కేసరికి అందరూ వచ్చారు. కాంక్రీటు లారీలు రోడ్డు మీద వరసగా గుర్రుమంటున్నాయి. నాగులు మనుషులు తలపాగాలు చుట్టుకుంటున్నారు. వెంకటకృష్ణారావుగారు కారు దిగారు. వెనకే శివాజీ, పట్టుచీర కట్టుకుని చేతిలో కొబ్బరికాయతో మా అత్తగారు. సొంతింటి పై స్లాబ్ కదా, కాయ తనే కొడతానంది. నన్ను చూసి శివాజీ మొహం మాడ్చుకున్నాడు. "సెలవు పెట్టమన్నాను కదా?"

మా అత్తగారు దణ్ణం పెట్టుకోవడానికి తలెత్తింది. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది. ఆ చొక్కా రోజూ ఇస్త్రీ చేసేది ఆమే.

"ఒరే శివా... అది నీ చొక్కా కదంట్రా?"

"అమ్మా, నువ్వు..."

"నీ చొక్కానేరా! ఓరి నాయనోయ్, మెడకి తాడేసి... దించండి! చిట్టిబాబూ, దించరా వాణ్ణి!"

వాణ్ణి అంది. చొక్కాని అనలేదు.

చిట్టిబాబు పరుగెత్తి పైకెళ్ళాడు. ముడితో పెనుగులాడుతున్నాడు. లాగినప్పుడల్లా బొమ్మ గాల్లో ఎగిరి తన్నుకుంటోంది. ప్రతి కుదుపుకీ మా అత్తగారు తన మెడ పట్టుకుంటోంది.

నాగులు ముందుకొచ్చాడు. "బొమ్మని దించుతున్నారా? అయితే ఇయ్యాల కాంక్రీటు లేదు. చిట్టిబాబుగారే చెప్పారు మొన్న అందరి ముందూ."

"లారీలొచ్చి నిలబడ్డాయయ్యా నాగులూ," అన్నారు వెంకటకృష్ణారావుగారు.

"అయితే మీరెక్కి పోసుకోండయ్యా."

అందరూ నా వైపు చూశారు. మొదటిసారి ఆ సైట్‌లో అందరూ నా నోటి నుంచి మాట కోసం చూశారు. ఎవరూ శివాజీకి ఫోన్ చెయ్యలేదు.

"మీరే చెప్పండత్తయ్యా," అన్నాను. "బొమ్మ ఉంటే స్లాబ్ పడుద్ది. బొమ్మ దిగితే స్లాబ్ ఆగుద్ది. సాయంత్రానికల్లా అయిపోతుంది. అప్పటిదాకా అలాగే ఉంచమంటారా?"

"అమ్మా, అది ఉత్త చొక్కా," అన్నాడు శివాజీ. అతని గొంతులో మొదటిసారి బతిమాలుకోవడం విన్నాను. "గుడ్డముక్కే. దానికేముంది? పోయనీ."

"నోర్ముయ్యరా! నీకేం తెలుసు?" ఆమె చేతిలో కొబ్బరికాయ కింద పడి పగలకుండానే దొర్లిపోయింది. "స్లాబూ లేదు గీబూ లేదు! ఆపండి. ఆపి నా కొడుకుని దించండి!"

ముడి విడక చివరికి నాగులు కత్తితో తాడు కోశాడు. లారీలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి తిరిగాయి. ముఠా తలపాగాలు విప్పేసింది. వెంకటకృష్ణారావుగారు నన్ను చంపేసేలా చూస్తుంటే, "పైకి రండి సార్, ఒక్క నిమిషం," అని రెండో అంతస్తుకి తీసుకెళ్ళి సుత్తితో ప్లాస్టరింగు రాల్చేశాను. కోసిన రాడ్లు బయటపడ్డాయి. ఆయన వంగి కోసిన చోట వేలితో తడిమి చూశాడు. కింద ఎవరున్నారని అడిగాడు. ఎవరూ లేరు, ఖాళీ చేయించానన్నాను. వెంటనే పై బరువు ఆనడానికి ఇనుప జాకీలు పెట్టించమని అరిచాడు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"సోమవారం చెప్పానండి."

"గట్టిగా చెప్పాలమ్మా." గొంతు తగ్గించాడు. "ఇది ఫ్లాట్ ఓనర్ల దాకా పోకూడదు. రేపట్నించి మీరు ఆఫీసులో కూర్చోండి. సైట్ మీకు పడదు. లేబర్ని భయపెట్టే మనిషి సైట్‌లో ఉండకూడదు. శివాజీతో నేను తర్వాత మాట్లాడతాను."

కోసినవాడితో తర్వాత మాట్లాడతారు. చూపించినదాన్ని ఇప్పుడే పంపిస్తారు. 

"ఈ స్తంభానికి చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోసేదాకా నేనిక్కడే ఉంటానండి," అన్నాను. "అది చూడకుండా నేను కదిలితే ఓనర్లకి ఫోన్లు ఇక్కణ్ణించే వెళ్తాయి. తర్వాత మీ ఇష్టం. రాత్రికి మా అమ్మ దగ్గరికి బందరు బస్సు ఎప్పుడూ ఉంటుంది."



కిందికి దిగేసరికి మెట్ల మీద మా అత్తగారు కూర్చుని ఉంది. చొక్కా ఒళ్ళో పెట్టుకుని, అంటిన గడ్డి పరకలు ఒక్కొక్కటే ఏరుతోంది. సున్నం మరకల్ని పట్టుచీర కొంగుతో తుడుస్తోంది. శివాజీ కొంచెం దూరంలో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నన్ను చూడగానే ఆమె మొహం ముడుచుకుపోయింది. ఏడుపులోంచి మాట కూడదీసుకుంది.

"చేతులెట్లా వచ్చినయ్యే నీకు? బతికున్న మనిషి బట్టకి ఉరేస్తావా?"

నా చేతిలో కవర్లో ఆకుపచ్చ చుడీదార్ ఉంది. నీలం జేబు బయటికి కనిపిస్తోంది.

"ఆదివారం నేనూ బతికే ఉన్నానత్తయ్యా," అన్నాను. "మీకోసం మామిడికాయ ముక్కలు కొడుతున్నాను."